పంపును తిట్టే ముందు గేజి చూడండి

సందేహాలు – సమాధానాలు

వ్యాక్యూమ్ టాయిలెట్ల మీద ఈసారి ఉత్తరాలు దండిగా వచ్చాయి. సముద్రానికి ఇంత దూరాన ఉన్న భానూర్, పటాన్‌చెరు, ఇస్నాపూర్‌ల నుంచే ఎక్కువ వచ్చాయంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఫ్యాక్టరీలో స్పానర్ పట్టడం నేర్చిన చేతికి ఓడ ఇంజిన్ రూమ్ మరీ కొత్త చోటేమీ కాదు. దగ్గర్లోని కొండకల్‌లో 2023 జూన్‌లో రైలు పెట్టెల ఫ్యాక్టరీ తెరుచుకుంది కాబట్టి రైలు టాయిలెట్ల గురించి అడిగినవాళ్లూ ఉన్నారు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను ఒక్కటిగా కలిపి జవాబులిస్తున్నాను.

ప్రశ్న: మా తమ్ముడు సరుకు ఓడలో వైపర్‌గా, అంటే ఇంజిన్ రూమ్ హెల్పర్‌గా చేరిండు. అక్కడ టాయిలెట్ బటన్ నొక్కితే దభీమని శబ్దం చేసి ఒక్క గుక్కలో పీల్చేస్తదట, చెంబెడు నీళ్లు చాలట, పైగా పైపులు పైకి కూడా ఎక్కుతాయట. నేను పదేళ్ల నుంచి ఫిట్టర్‌ని. మురుగు పైకి ఎక్కుడేంది సార్?
— ఒక ఫిట్టర్, భానూర్

జవాబు: మీ తమ్ముడు చెప్పింది నిజమే. మన ఇళ్లలో మలాన్ని నీళ్లు తోస్తాయి, వాలు లాగుతుంది. అక్కడ ఆ పని గాలి చేస్తుంది. పైపుల్లోంచి ముందే గాలి తోడేసి ఉంచుతారు. గేజి మీద మైనస్ 0.4 నుంచి మైనస్ 0.5 బార్ దాకా చూపిస్తుంది. అంటే పైపు లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడిలో సుమారు సగం. బటన్ నొక్కగానే కమోడ్ వెనకున్న వాల్వు రెండు మూడు సెకన్లు తెరుచుకుంటుంది. గదిలో గాలి ఒక్కసారిగా లోపలికి దూకుతూ ఎదురున్నదాన్నంతా ముందుకు నెడుతుంది. ఒక్క ఫ్లష్‌కు లీటరు, లీటరుంబావు నీళ్లు పడితే, లోపలికి వెళ్లే గాలి 60 లీటర్ల దాకా ఉంటుంది. మీ తమ్ముడు విన్న దభీమనే శబ్దం ఆ గాలిదే.

నెట్టేది గాలి కాబట్టి వాలుతో పని లేదు. రెండంగుళాల పైపు చాలు. అవసరమైతే పైకి ఎక్కుతుంది, బీమును చుట్టి వస్తుంది, ఓడ ఊగినా ఆగదు. దారిలో అక్కడక్కడ పైపును కావాలనే కాస్త కిందికి వంచుతారు. అక్కడ మురుగు చేరి పైపు నిండుతుంది. వెనక నుంచి మళ్లీ గాలి తోసినప్పుడు ఆ ముద్ద మొత్తం ఒక్కటిగా కదులుతుంది. చివరికి ట్యాంకుకో శుద్ధి ప్లాంటుకో చేరుతుంది. గాలి తోడే పద్ధతులు ముఖ్యంగా రెండు. ట్యాంకులోని మురుగునే పంపుతో తిప్పి ఎజెక్టర్ గుండా తోసి గాలి లాగడం ఒకటి. గాలిని లాగుతూ, మలాన్ని ముక్కలు చేస్తూ, ముందుకు పంపేసే స్క్రూ పంపు రెండోది. మీ తమ్ముడి ఓడలో ఏదుందో ముందు కనుక్కోమనండి. సగం ప్రశ్నలు అక్కడే తీరిపోతాయి.

ఇంత హంగామా ఎందుకంటే లెక్క చూడండి. పాతిక మంది సిబ్బంది, మనిషికి రోజుకు ఐదుసార్లు. ఇంట్లో ఫ్లష్ లాగా ఒక్కోసారికి 8 లీటర్లు వేసుకుంటే రోజుకు 1,000 లీటర్ల మురుగు. వ్యాక్యూమ్‌తో 150 లీటర్లు. ఓడలో మంచినీళ్లు మోసుకెళ్లాలి, లేదా సముద్రపు నీటి నుంచి తయారు చేసుకోవాలి. మురుగును ఎక్కడ పడితే అక్కడ వదలడానికీ లేదు. ఓడల కాలుష్యం మీద ఉన్న అంతర్జాతీయ మార్పోల్ ఒప్పందం నాలుగో అనుబంధం ప్రకారం, శుద్ధి చేయని మురుగును తీరానికి 12 నాటికల్ మైళ్లు దాటాక, ఓడ కనీసం 4 నాట్ల వేగంతో సాగుతుండగా, కొద్దికొద్దిగానే వదలాలి. ముక్కలు చేసి క్రిములు చంపిన మురుగైతే 3 మైళ్లు దాటాలి. ఆమోదం ఉన్న శుద్ధి ప్లాంటు లేని ఓడ, రేవులో ఉన్నన్నాళ్లూ దాన్ని కడుపులో దాచుకోవాల్సిందే. అందుకే ప్రతి లీటరుకూ లెక్క ఉంది.

ప్రశ్న: మా ఓడలో రాత్రి రెండు గంటలకు, అందరూ పడుకున్నాక కూడా వ్యాక్యూమ్ పంపు మూడు నాలుగు నిమిషాలకోసారి స్టార్ట్ అవుతోంది. పంపు అరిగిందంటున్నారు, విప్పమంటున్నారు. విప్పమంటారా?
— మోటార్‌మ్యాన్‌గా పనిచేస్తున్న శ్రీకాకుళం పాఠకుడు

జవాబు: ఆగండి. నాకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క పొరపాటు చుట్టూనే తిరుగుతున్నాయి. పంపు మాటిమాటికీ స్టార్ట్ అవుతోందంటే, గేజి పడిపోయిన ప్రతిసారీ అది లేచి మళ్లీ సరిచేస్తోందన్న మాట. దాని పని అది చేస్తోంది. పడిపోవడానికి కారణం మరెక్కడో ఉంది. కొబ్బరిబోండంలో పెట్టిన స్ట్రాకు మధ్యలో చిల్లు పడితే ఎంత పీల్చినా నోట్లోకి గాలే వస్తుంది. నోటిని మార్చుకుంటే ఉపయోగం లేదు.

ముందు పంపు మీద అనుమానం తీర్చుకోండి. పంపుకు మురుగు వచ్చే మెయిన్ వాల్వు మూసి, పంపు నడిపి, గేజి చూడండి. సూది చకచకా మైనస్ 0.5 దాకా వెళ్లి పంపు ఆగాక అక్కడే నిలబడిందా? పంపు, దాని చెక్ వాల్వు రెండూ బాగున్నాయి. అసలు చేరకపోతేనే, లేదా చేరి వెంటనే జారిపోతేనే స్పానర్ తియ్యండి.

పంపు బాగుంటే లీకు వేట మొదలుపెట్టండి. ఇది ఎవరూ టాయిలెట్ వాడని వేళే చేయాలి. ఒక్కో డెక్కుకు వెళ్లే పైపు మీద విడి వాల్వు ఉంటుంది. అన్నీ మూసి, ఒక్కొక్కటే తెరుస్తూ, తెరిచిన ప్రతిసారీ ఐదు నిమిషాలు గేజి చూసి కాగితం మీద రాసుకోండి. ఏ వాల్వు తెరిచినప్పుడు సూది జారిందో లీకు ఆ డెక్కులో ఉంది. ఇక ఆ డెక్కులో కేబిన్ తర్వాత కేబిన్ తిరగండి. కమోడ్‌లో కొద్దిగా నీళ్లు పోసి వదిలేయండి. కాసేపటికి నీళ్లు మాయమైతే ఆ వాల్వు రబ్బరు పోయింది. కమోడ్ పై అంచుకు పల్చటి ప్లాస్టిక్ కాగితం కప్పినా తెలుస్తుంది, లీకుంటే అది లోపలికి గుంట పడుతుంది. వాల్వు దగ్గర చెవి పెడితే సన్నగా 'సుయ్'మని వినిపిస్తుంది. జాయింట్లకు సబ్బు నురగ రాసి బుడగల కోసం చూడకండి. గాలి బయటికి రాదు, లోపలికి పోతుంది. అగరుబత్తి పొగతో వెతికే అలవాటు కొందరికి ఉంది. మురుగు ట్యాంకు దగ్గర మీథేన్ ఉండొచ్చు, అక్కడ నిప్పు వద్దు.

చాలాసార్లు చివరికి దొరికేది చిన్నదే. వాల్వు పెదవుల మధ్య ఇరుక్కున్న టిష్యూ ముక్క, గట్టిపడిన రబ్బరు, జారిపోయిన ఒక సన్నని ట్యూబు. అది దొరక్కుండా పంపు విప్పితే ఒక రోజు పోతుంది, గ్యాస్కెట్ సెట్టు పోతుంది, లీకు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ప్రశ్న: ఓడంతా బాగానే ఉంది, ఒక్క కేబిన్‌లోనే సమస్య. ఒక రోజు నీళ్లు రావు, ఒక రోజు పీల్చదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ట్రైనీ ఇంజినీర్, కాకినాడ

జవాబు: లక్షణాన్ని బట్టి వెళ్లండి. ఈ నాలుగూ కాగితం మీద రాసి వర్క్‌షాప్‌లో అంటించుకోండి.

నీళ్లూ రావు, పీల్చదు: ఆ కమోడ్ దాకా వ్యాక్యూమ్ చేరడం లేదు, లేదా బటన్ నుంచి, వాల్వులను నడిపే కంట్రోలర్‌కు వెళ్లే సన్న ట్యూబు ఊడింది. ఈ రకం కమోడ్‌లలో చాలావాటిలో వాల్వును తెరిచేది కరెంటు కాదు, పైపులోని వ్యాక్యూమే. అది లేకపోతే బటన్ ఎంత నొక్కినా చలనం ఉండదు.

పీలుస్తుంది, నీళ్లు రావు: నీళ్ల కాక్ మూసి ఉంది, లేదా నీళ్ల వాల్వు ముందున్న చిన్న జాలీలో తుప్పు, ఇసుక చేరాయి. జాలీ తీసి కడిగితే సగం కేసులు అక్కడితో ముగుస్తాయి.

నీళ్లు వస్తాయి, పీల్చదు: కమోడ్ వెనకున్న వాల్వు తెరుచుకోవడం లేదు. కంట్రోలర్‌లోని డయాఫ్రమ్ చిరిగి ఉండొచ్చు. వాల్వు తెరుచుకుంటున్నా మురుగు కదలకపోతే దాని తర్వాతి బెండులో ఏదో అడ్డం పడింది.

పీలుస్తూనే ఉంటుంది, ఆగదు: వాల్వు మూసుకోవడం లేదు. దీన్ని వెంటనే చూడాలి, ఎందుకంటే ఒక్క కమోడ్ తెరిచి ఉంటే ఆ డెక్కు మొత్తానికి వ్యాక్యూమ్ పోతుంది. ముందు ఆ కమోడ్‌ను లైను నుంచి విడదీసి, తర్వాత కంట్రోలర్ విప్పండి. లోపల నీళ్లు చేరితే ఆరబెట్టి బిగించినా తాత్కాలికంగా పనిచేస్తుంది.

కంట్రోలర్లను అక్కడికక్కడే బాగుచేయాలని పట్టుబట్టకండి. బాగున్న స్పేర్ ఒకటి బిగించి, పాడైనదాన్ని బల్ల మీద తీరిగ్గా విప్పడం మేలు. అనుమానమొస్తే పక్క కేబిన్ కంట్రోలర్‌తో మార్చి చూడండి. లోపం దానితోపాటు పక్క కేబిన్‌కు వెళ్లిందంటే దోషి దొరికినట్టే.

ప్రశ్న: పీల్చే బలం నెలనెలా తగ్గుతోందని ఒక పైపు ముక్క విప్పాం. లోపల రాయిలాంటి తెల్లటి పొర, వేలు పట్టేంత సందే మిగిలింది. ఇది ఎక్కడి నుంచి వచ్చింది? యాసిడ్ పోసేయవచ్చా?
— ఫోర్త్ ఇంజినీర్, విశాఖపట్నం

జవాబు: మూత్రం నుంచే. అందులోని యూరియా విడిపోయి అమ్మోనియా అవుతుంది. అప్పుడు ద్రవంలో క్షారం పెరిగి కాల్షియం, మెగ్నీషియం ఫాస్ఫేట్లు పొరగా పేరుకుంటాయి. వ్యాక్యూమ్ లైనులో నీళ్లు తక్కువ, మూత్రం చిక్కన. కాబట్టి ఈ జబ్బు ఇక్కడ ఎక్కువ. ఫ్లష్‌కు సముద్రపు నీళ్లు వాడే చిన్న పడవల్లో ఇంకా తొందరగా వస్తుంది.

పెద్ద నౌకాదళాలకూ ఇది తప్పలేదు. అమెరికా విమానవాహక నౌకలు జార్జ్ హెచ్.డబ్ల్యు. బుష్, జెరాల్డ్ ఆర్. ఫోర్డ్‌లలో వ్యాక్యూమ్ లైన్లు అనుకోని రీతిలో, మాటిమాటికీ మూసుకుపోతున్నాయని, క్రమంతప్పకుండా యాసిడ్‌తో కడగాల్సి వస్తోందని ఆ దేశపు ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2020లో నివేదిక ఇచ్చింది. ఒక్కసారి కడగడానికి అయ్యే ఖర్చు సుమారు 4 లక్షల డాలర్లట. వేల మంది ఉండే ఓడలో పొరను పెరగనిచ్చి తర్వాత వదిలించుకోవడం అంత ఖరీదైన పని.

మీకు నా సలహా: పేరుకున్నాక ఒకేసారి కుమ్మరించడం కాదు, పేరుకోకముందే కొద్దికొద్దిగా. పైపులకు తగిన డీస్కేలర్‌ను, తయారీదారు చెప్పిన మోతాదులో, రాత్రిపూట ఒక్కో కమోడ్‌లో వేసి ఫ్లష్ చేయాలి. వారానికి ఒక డెక్కు చొప్పున వంతులేసుకోండి. అది వెళ్లి పడేది శుద్ధి ప్లాంటులో. అక్కడ మురుగును తినే బ్యాక్టీరియా ఉంటుంది. యాసిడ్‌గానీ బ్లీచింగ్‌గానీ మోతాదు మించితే అది చచ్చిపోతుంది, ఓడంతా కంపు. ప్లాంటులో నీరు గోధుమరంగులో ఉంటే ఆరోగ్యం. నల్లబడిందంటే గాలి అందడం లేదు, బ్లోవర్ చూడండి.

ఇంకొక మాట, దీన్ని ఎర్రసిరాతో రాసుకోండి. యాసిడ్ వేసిన కమోడ్‌లో బ్లీచింగ్ వేయకండి, బ్లీచింగ్ వేసినదాంట్లో యాసిడ్ వేయకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఇరుకు కేబిన్‌లో అది ప్రాణం తీస్తుంది. కేబిన్లు కడిగే స్టీవార్డుకు, మీకు మధ్య ఈ మాట ముందే జరగాలి.

రాయైపోయిన ముక్కలకు మందు పనిచేయదు. పంపు బ్రేకర్ ఆపి, తాళం వేసి, బోర్డు తగిలించి, లైనులో వ్యాక్యూమ్ పూర్తిగా విడుదల చేశాకే విప్పి మార్చండి. ముందుగా చూడాల్సినవి బెండ్లు, రెండు పైపులు కలిసే చోట్లు.

ప్రశ్న: దుబాయిలో ఒక సేటు గారి పడవ చూసుకుంటాను. రెండు వ్యాక్యూమ్ కమోడ్లున్నయి. ఎంత కడిగినా కేబిన్‌లో వాసన పోతలేదు.
— జగిత్యాల వాసి, దుబాయి

జవాబు: కమోడ్ కడిగితే కమోడ్ వాసనే పోతుంది. మీ వాసన బహుశా అక్కడిది కాదు. చిన్న పడవల్లో మురుగు రబ్బరు గొట్టాల గుండా వెళుతుంది. కొన్నేళ్లకు వాసన గొట్టం గోడల్లోంచే బయటికి వస్తుంది. శుభ్రమైన బట్టను వేడినీళ్లలో ముంచి, పిండి, గొట్టానికి చుట్టి ఉంచండి. ఆరాక తీసి వాసన చూడండి. బట్టకు కంపు పట్టిందంటే ఆ గొట్టం మార్చాల్సిందే, మందులు పనిచేయవు.

గొట్టం బాగుంటే ట్యాంకు నుంచి బయటికి వెళ్లే గాలి గొట్టం చూడండి. దానికున్న బొగ్గు ఫిల్టర్ తడిస్తే గాలి ఆడదు. ట్యాంకులో గాలి ఆడకపోతే దుర్వాసన వేరే దారి వెతుక్కుంటుంది. తర్వాత స్నానాల గది డ్రెయిన్. చాలా రోజులు వాడకపోతే అందులో నిలవాల్సిన నీళ్లు ఆవిరై దారి తెరుచుకుంటుంది. దుబాయి ఎండలో ఇది మరీ తొందర. చెంబెడు నీళ్లు పోస్తే చాలు.

పంపు మాటిమాటికీ తిరుగుతోందేమో కూడా గమనించండి. మీ రకం పంపులకు ఇరువైపులా బాతుముక్కులా ఉండే రబ్బరు వాల్వులుంటాయి. అవి ఎండిపోయినా, మధ్యలో వెంట్రుకలు చిక్కినా సరిగ్గా మూసుకోవు. స్పేర్ సెట్టు ఎప్పుడూ పడవలోనే ఉంచుకోండి. సేటు గారు అతిథులతో బయలుదేరాక అది ఏ దుకాణంలోనూ దొరకదు. పడవను నెల రోజులు వదిలి ఊరికి వచ్చేముందు మంచినీళ్లతో నాలుగైదుసార్లు ఫ్లష్ చేసి, ట్యాంకు ఖాళీ చేయించి, పంపు స్విచ్ ఆపి రండి.

ప్రశ్న: గోదావరిలో పర్యాటక బోటు నడుపుతున్నాం. పొద్దున వెళ్లి సాయంత్రం వస్తాం. వ్యాక్యూమ్ టాయిలెట్ పెట్టిస్తే గొప్పగా ఉంటుందని మా వాళ్ల ఆశ. పెట్టించమంటారా?
— రాజమహేంద్రవరం పాఠకులు

జవాబు: గొప్ప కోసమైతే వద్దు. వ్యాక్యూమ్‌కు కరెంటు ఆగకూడదు, స్పేర్లు ఉండాలి, చెవి పెట్టి వినే మనిషి ఉండాలి. రెండు టాయిలెట్లున్న పగటి బోటుకు తక్కువ నీళ్ల మామూలు ఫ్లష్, గట్టి ట్యాంకు, మంచి గాలి గొట్టం చాలు. రాత్రి బసలు, గదులు ఉండే పెద్ద బోటైతే అప్పుడు ఆలోచించండి.

ఏది పెట్టినా రెండు సంగతులు. మొదటిది, నదిలోకి వదలడం మాట మరచిపోండి. 1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం నదుల్లో తిరిగే బోట్ల నుంచి కాలుష్యాన్ని నిషేధించింది. ఆ గట్టున ఊళ్లు తాగేది ఆ నీళ్లే. కాబట్టి ట్యాంకు ఎక్కడ, ఎవరి బండితో ఖాళీ చేయిస్తారో, ఆ బండి దాన్ని ఎక్కడ పోస్తుందో తేల్చుకున్నాకే టాయిలెట్ కొనండి.

రెండోది బరువు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర జరిగిన బోటు ప్రమాదాన్ని గోదావరి మీద బతికే ఎవరికీ గుర్తుచేయనక్కర్లేదు. ట్యాంకు అంటే బోటుకు కొత్త బరువు. సగం నిండిన ట్యాంకులో ద్రవం బోటు ఒరిగిన వైపే పారి ఆ ఒరుగును పెంచుతుంది. అందుకే ట్యాంకు వెడల్పుగా, ఎత్తున, పక్కకు ఉండకూడదు. అడుగున, మధ్యలో, లోపల అడ్డగోడలతో ఉండాలి. సర్వేయర్ కాగితం మీద ఒప్పుకోకుండా మేస్త్రీ చేత వెల్డింగ్ పెట్టించకండి.

ప్రశ్న: మా మనవడు వందే భారత్‌లో విశాఖకు తీసుకుపోయిండు. ఆ లెట్రిన్ చప్పుడుకు గుండె ఝల్లుమన్నది. కూసున్నప్పుడు నొక్కితే మనిషిని గుంజదా బిడ్డా? విమానంలో కూడా ఇట్లనేనట?
— ఒక అమ్మమ్మ, శంకర్‌పల్లి

జవాబు: గుంజదు అమ్మమ్మా. మనిషిని పట్టి లాగాలంటే సీటుకు, ఒంటికి మధ్య గాలి సందు లేకుండా పూర్తిగా మూసుకోవాలి. అలా మూసుకోకుండా సీటు కింద సందులు వదిలే తయారుచేస్తారు. అయినా లేచి, మూత వేసి నొక్కండి. చప్పుడు తగ్గుతుంది, తుంపర బయటికి రాదు.

రైల్లో ఒక్కసారికి అర లీటరు దరిదాపు నీళ్లే. మలం పట్టాల మీద పడకుండా పెట్టె కింద ట్యాంకులోకి వెళుతుంది. అక్కడ డీఆర్‌డీవో రూపొందించిన పద్ధతిలో, గాలి అక్కర్లేని బ్యాక్టీరియా దాన్ని తినేస్తుంది. విమానంలో పద్ధతి ఇదే, ఒక సౌకర్యం ఎక్కువ. పైకి ఎగిరాక బయట గాలి ఒత్తిడి ఎలాగూ తక్కువ కాబట్టి పంపు అవసరం లేకుండానే పీలుస్తుంది. నేల మీద, తక్కువ ఎత్తులో మాత్రమే పంపు నడుస్తుంది.

మీ మనవడికి ఒక మాట చెప్పండి. నీళ్ల సీసా, పిల్లల డైపర్, గుట్కా ప్యాకెట్టు అందులో వేయొద్దని. వాల్వుకు అది అడ్డం పడితే తర్వాతి స్టేషన్ దాకా ఆ టాయిలెట్‌కు తాళమే.

ప్రశ్న: ఇస్నాపూర్ దగ్గర వర్కర్ల హాస్టల్ నడుపుతున్న. నలభై మంది ఉంటరు. సెప్టిక్ ట్యాంక్ బండి వచ్చి గుంజినంక అడుగున గట్టిగా మిగిలింది. "మనిషి దిగి గీకితే పోతది, వెయ్యి రూపాయలు ఎక్కువియ్యి" అంటున్నడు డ్రైవర్. ఇయ్యాల్నా?
— హాస్టల్ యజమాని

జవాబు: ఇవ్వకండి. ఎవరినీ దించకండి. ఉత్తరం అందేలోపే దించి ఉండరని ఆశిస్తాను.

మీ వాకిట ఆగిన బండి కూడా వ్యాక్యూమ్ వ్యవస్థే. ట్యాంకులో గాలి తోడేసి, బయటి గాలి ఒత్తిడితో మురుగును పైకి నెట్టిస్తుంది. నీళ్లు కలిసి పలచగా ఉంటేనే అది పైకి ఎక్కుతుంది. గట్టిగా ఉన్నదాన్ని ఎక్కించలేదు. కాబట్టి ఉపాయం మనిషిలో లేదు, నీళ్లలో ఉంది. పైనుంచే పైపుతో ఒత్తిడి నీళ్లు కొట్టించి, పొడవాటి గడతో కలియబెట్టించి, మళ్లీ గుంజించండి. అవసరమైతే రెండో ట్రిప్పు డబ్బులు ఇవ్వండి.

ఇక ట్యాంకులోని వాయువు సంగతి. మురుగు కుళ్లినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. 100 పీపీఎం దాటేసరికి ముక్కు మొద్దుబారి వాసన తెలియడం మానేస్తుంది. 'వాసన తగ్గింది, ఇప్పుడు దిగొచ్చు' అనుకునేది సరిగ్గా అక్కడే. 500 దాటితే నిమిషాల్లో కూలబడతాడు, 1,000 దగ్గర ఒకటి రెండు ఊపిరులే. అది గాలికంటే బరువు కాబట్టి అడుగునే ఉంటుంది. గీకడానికి గడ్డను కదిలించగానే అందులో చిక్కుకున్నది ఒక్కసారి బయటపడుతుంది. మొదటివాడు పడిపోతే పైనున్నవాడు ఆగలేక దిగుతాడు, అతనూ పడిపోతాడు. ఓడల్లోనూ ఊళ్లలోనూ ఇలాంటి ప్రమాదాల్లో రెండో మరణం, మూడో మరణం కాపాడబోయినవాళ్లదే.

ఓడలో ఏ ట్యాంకులోకైనా దిగాలంటే రాతపూర్వక పర్మిట్ కావాలి. గాలి కొట్టించి, మీటరు దించి ఆక్సిజన్ 20.9 శాతం దగ్గర ఉందని, విషవాయువు లేదని చూసి, నడుముకు తాడు కట్టి, పైన మనిషిని నిలబెట్టి దించుతారు. పాశమైలారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో రియాక్టర్లు శుభ్రం చేసేవారికీ ఈ పద్ధతి తెలుసు. హాస్టల్ ట్యాంకు చిన్నది కదా అని విషం చిన్నదైపోదు.

చట్టం కూడా వినండి. మాన్యువల్ స్కావెంజింగ్‌ను నిషేధించే 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించి కడిగించడం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇలాంటి మరణాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబర్ 20న 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. ఎవరినైనా దించుతుంటే ఫిర్యాదు చేయడానికి సఫాయిమిత్ర హెల్ప్‌లైన్ 14420 ఉంది.

ముందుజాగ్రత్తగా, ట్యాంకులో మూడో వంతు గడ్డ చేరకముందే గుంజించండి. ఇళ్లకు రెండు మూడేళ్లకోసారి చెప్పే లెక్క నలభై మంది ఉండే హాస్టల్‌కు సరిపోదు. ఏటా మూత తీసి గడతో లోతు చూసుకోండి. బండివాడు దాన్ని ఎక్కడ పోస్తున్నాడో అడగండి. రాత్రివేళ వాగు గట్టున వదిలితే అది నక్కవాగుకు, నక్కవాగు నుంచి మంజీరకు చేరుతుంది. నక్కవాగు ఇప్పటికే ఫ్యాక్టరీల మురుగు మోసి అలసిపోయింది.

ప్రశ్న: మావోడు ఐటీఐ ఫిట్టర్. ఓడలో చేరితే సంబురపడ్డం. ఇప్పుడు ఫోన్ చేస్తే "లెట్రిన్ పైపులే విప్పుతున్న నాయినా" అంటున్నడు. చుట్టాలకు ఏం చెప్పుకోవాలె సార్?
— ఒక తండ్రి, భానూర్

జవాబు: 2013 ఫిబ్రవరి 10న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో కార్నివాల్ ట్రయంఫ్ అనే విహారనౌక ఇంజిన్ రూమ్‌లో మంటలు లేచాయి. మంటలు ఆరాయి, ఎవరూ చనిపోలేదు. కరెంటు పోయింది, దానితో టాయిలెట్లు ఆగాయి. నాలుగు వేల మందికి పైగా జనం నాలుగు రోజులు అందులోనే చిక్కుకున్నారు. టగ్గులు లాగి ఒడ్డుకు చేర్చేసరికి ప్రపంచం మాట్లాడింది మంటల గురించి కాదు, నడవాల్లో పారిన మురుగు గురించి. ఓడలో ఆ పైపులను ఎవరు చూసుకుంటారో వాళ్ల మీద అంత ఆధారపడి ఉంటుంది. చాలా ఓడల్లో మురుగు ప్లాంటు బాధ్యత ఫోర్త్ ఇంజినీర్‌దే. అంటే అధికారి స్థాయి మనిషి కూడా అందులో చెయ్యి పెడతాడు. చుట్టాలకు ఇది చెప్పండి. మీవాడికి మాత్రం వేరే సంగతులు చెప్పాలి.

పొడవాటి గ్లోవ్స్, కళ్లద్దాలు లేకుండా ఏ పైపూ విప్పొద్దని చెప్పండి. ధనుర్వాతం, టైఫాయిడ్, హెపటైటిస్-ఎ టీకాలు వేయించుకున్నాడో లేదో అడగండి. లేకపోతే సెలవులో వచ్చినప్పుడు వేయించండి. పని అయ్యాక చేతులు కడగకుండా సిగరెట్టు, టీ కప్పు ముట్టుకోవద్దనండి. వాసన వచ్చే గదిలోకి ఒంటరిగా వెళ్లొద్దనండి.

ఇంకొకటి, ఇది అతని బతుకుతెరువుకు పనికొచ్చేది. లైను డ్రాయింగ్ సంపాదించి, ఒక నోటుబుక్కు పెట్టుకోమనండి. ఏ రోజు ఏ వాల్వు మార్చాడు, మార్చకముందు గేజి ఎంత, మార్చాక ఎంత, రాత్రి పంపు ఎన్ని నిమిషాలకోసారి లేచింది. ఏడాది తిరిగేసరికి ఆ ఓడ లైను అతనికంటే బాగా ఎవరికీ తెలియదు. పైస్థాయి పరీక్షలకు వెళ్లినప్పుడు అడిగేదీ ఈ రకం ఆలోచననే: లక్షణం చూసి కారణం దాకా వెళ్లగలవా అని.

గమనిక: లోపాల గురించి రాసేవాళ్లు 'పంపు పాడైంది' అని మాత్రం రాయకండి. గేజి అంకె, పంపు నడిచే సమయం, ఆగి ఉండే సమయం, ఏ డెక్కు, ఎన్ని కమోడ్లు, చివరిగా ఏ రబ్బరు ఎప్పుడు మార్చారు అన్నవి రాయండి. అవన్నీ రాసుకుంటూ పోతే చాలామందికి జవాబు తమ ఉత్తరంలోనే దొరుకుతుంది. దొరకనివాళ్లకు వచ్చే సంచికలో నేనున్నాను.